మోటర్‌హోమ్ వెనక ఎంత బరువు లాగొచ్చు? లెక్క ఇలా తేల్చుకోండి

మోటర్‌హోమ్ (లోపలే వంటగది, పడకలు ఉండే ఇల్లు లాంటి బండి) చూడటానికి వెళ్లినవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: "దీని వెనక కారు తగిలించుకోవచ్చా? ఎంత బరువు లాగుతుంది?" అమ్మేవాళ్లు తడుముకోకుండా చెప్పే జవాబు హిచ్ మీద, అంటే బండి వెనక కారునో ట్రైలర్‌నో తగిలించే కొక్కెం మీద రాసి ఉన్న అంకె. 5,000 పౌండ్లు అంటారు. అది అబద్ధం కాదు. కాకపోతే అది హిచ్ అనే ఇనుప సరంజామా తట్టుకునే బరువు. మీ బండి లాగగలిగే బరువు ఎంతో తెలియాలంటే సామాన్లు, మనుషులు, నీళ్లు అన్నీ ఎక్కించాక బండిని కాటా వేయించాలి. ఆ బరువు తెలియకుండా వెనక ఏ కారు తగిలించాలో ఆలోచిస్తే మొదటికే మోసం వస్తుంది.

ఇక్కడ చెప్పే లెక్కలన్నీ అమెరికా, కెనడాల్లో అమ్మే బళ్ల స్టిక్కర్లను బట్టి. అందుకే అంకెలు పౌండ్లలో ఇస్తున్నాను. కిలోల్లో కావాలంటే 2.2తో భాగించుకోండి.

ముందు స్టిక్కర్లు వెతకండి

డ్రైవర్ సీటు దగ్గర, తలుపు చట్రం మీద గానీ పక్క గోడ మీద గానీ ఒక స్టిక్కర్ ఉంటుంది. దాని మీద చూడాల్సినవి రెండు.

మొదటిది జీవీడబ్ల్యూఆర్. అన్నీ ఎక్కించాక బండి మొత్తం బరువు దాటకూడని హద్దు ఇది. మనుషులు, ఇంధనం, నీళ్లు, వంట గ్యాస్, బట్టలు, కుర్చీలు అన్నీ ఇందులోకే వస్తాయి. ట్రైలర్ తగిలిస్తే దాని ముక్కు హిచ్ మీద మోపే బరువు కూడా ఇందులోదే. చాలామంది ఈ ఆఖరిది మర్చిపోతారు.

రెండోది జీఏడబ్ల్యూఆర్. ఇది యాక్సిల్‌కి, అంటే చక్రాల ఇరుసుకి సంబంధించిన హద్దు. ముందు యాక్సిల్‌కి ఒక అంకె, వెనకదానికి ఒక అంకె ఉంటాయి. పెద్ద బళ్లలో బరువు మోయడానికి వెనక అదనంగా ట్యాగ్ యాక్సిల్ ఉంటే దానికి ఇంకోటి. యాక్సిల్, స్ప్రింగులు, చక్రం, టైరు, వీటిలో ఏది తక్కువ మోయగలదో దాన్నిబట్టే ఈ అంకె వేస్తారు. రెండు యాక్సిళ్ల హద్దులు కూడితే జీవీడబ్ల్యూఆర్ కన్నా కాస్త ఎక్కువ రావచ్చు. అంత మాత్రాన బండి మొత్తం మీద అదనంగా ఎక్కించొచ్చని కాదు, రెండు హద్దులూ పాటించాల్సిందే.

ప్యాసింజర్ వైపు తలుపు లోపల ఇంకో స్టిక్కర్ చూడండి. మనుషులు, సామాన్లు కలిపి ఇంత బరువు దాటకూడదని రాసి ఉంటుంది. దాన్ని ఓసీసీసీ అంటారు. ట్యాంకు నిండా నీళ్లు పోస్తే ఎంత బరువో, ట్రైలర్ ముక్కు బరువు సామాను కిందే లెక్కని కూడా అక్కడే హెచ్చరిస్తారు. నీళ్లు గ్యాలన్‌కి దాదాపు 8.3 పౌండ్లు. 50 గ్యాలన్ల ట్యాంకు నింపితే 415 పౌండ్లు, అంటే ముగ్గురు పెద్దవాళ్ల బరువుకు కాస్త తక్కువ. దారిలో నీళ్లు వాడేస్తే బరువు తగ్గుతుందనుకుంటారు గానీ, వాడిన నీళ్లు మురుగు ట్యాంకులోకే కదా పోయేది. ఖాళీ చేసేదాకా ఆ బరువు బండిలోనే ఉంటుంది, చోటు మాత్రం మారుతుంది.

ఈ ఓసీసీసీ బండి ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటిది. సెకండ్‌హ్యాండ్ బండి అయితే పాత ఓనరు పెట్టించిన అదనపు బ్యాటరీలు, సోలార్ ప్యానెళ్లు, ఇన్వర్టర్ ఆ అంకెలో ఉండవు. బండి కొనే ముందు సోఫా రంగు కన్నా ముందు చూడాల్సిన స్టిక్కర్ ఇదే అని నా అభిప్రాయం. చిన్న చాసిస్ (ఇంజన్, చక్రాలతో కూడిన కింది చట్రం) మీద పెద్ద ఇల్లు కట్టి, గోడ బయటికి జరిగి గది పెద్దదయ్యే స్లయిడ్లు రెండు పెట్టి, నలుగురు మనుషులు ఎక్కి నీళ్లు నింపితే సామానుకు చోటున్నా బరువుకు చోటు లేని బళ్లు మార్కెట్లో ఉన్నాయి.

మూడో అంకె జీసీడబ్ల్యూఆర్. బండి, దాని వెనక లాగేది, రెండూ కలిపి దాటకూడని మొత్తం. ఇది సాధారణంగా తలుపు స్టిక్కర్ మీద దొరకదు. చాసిస్ మాన్యువల్లోనో, మోటర్‌హోమ్ కంపెనీ బ్రోచర్‌లోనో ఉంటుంది. మీ బండి తయారైన సంవత్సరానిదే చూసుకోండి. ఒకే పేరున్న మోడల్‌కి ఇంజన్ మారితే, చాసిస్ మారితే ఈ అంకె మారిపోతుంది.

చివరిగా వంగి హిచ్ మీద ఉన్న లేబుల్ చూడండి. ఎంత బరువు లాగొచ్చు, ముక్కు మీద ఎంత మోపొచ్చు అని రెండు అంకెలుంటాయి. 5,000, 500 అనే జత చాలా మోటర్‌హోమ్‌లకు కనిపిస్తుంది. పెద్ద డీజిల్ బళ్లకు 10,000 దాకా, కొన్నిటికి ఇంకా ఎక్కువ కూడా ఉంటుంది.

హిచ్ అంకె ఎందుకు సరిపోదు

మెర్సిడెస్ స్ప్రింటర్ 3500 చాసిస్ మీద కట్టిన చాలా మోటర్‌హోమ్‌లకు జీవీడబ్ల్యూఆర్ 11,030 పౌండ్లు, జీసీడబ్ల్యూఆర్ 15,250, హిచ్ 5,000. ఈ బండిని జీవీడబ్ల్యూఆర్ దాకా నింపారనుకోండి. 15,250లోంచి 11,030 తీసేస్తే మిగిలేది 4,220. హిచ్ 5,000 అంటున్నా, మీరు లాగగలిగింది 4,220 మాత్రమే. ఆ 780 పౌండ్ల తేడాలోనే చిన్న కారుకీ మధ్యరకం ఎస్‌యూవీకీ మధ్య ఎంపిక మారిపోతుంది. 5,000 పూర్తిగా లాగాలంటే బండి బరువు 10,250 లోపే ఉండాలి. అంటే లోపల దాదాపు 800 పౌండ్ల సామాను వదులుకోవాలి.

ఇంకో చోట తిరకాసు ఉంది. లాంగ్ మోటర్‌హోమ్‌లలో కంపెనీవాళ్లు చాసిస్ చట్రాన్ని వెనక్కి పొడిగించి, ఆ పొడిగించిన ముక్కకు హిచ్ బిగిస్తారు. అందుకే చాసిస్ లాగగలిగినా హిచ్ రేటింగ్ తక్కువ ఉండొచ్చు. దానికి బదులు బలమైన రిసీవర్ (హిచ్‌లో బార్ దూర్చే గొట్టం) తెచ్చి వెల్డింగ్ చేయించేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. వినకండి. రిసీవర్ మారినా దాని వెనకున్న చట్రం, ఇంజన్, గేర్‌బాక్స్ అవే కదా. వెనక స్ప్రింగులకు తోడుగా పెట్టే గాలి తిత్తులు (ఎయిర్ బ్యాగులు), అదనపు స్ప్రింగుల సంగతీ అంతే. బండి వెనక కుంగడం తగ్గి సమంగా కనిపిస్తుంది గానీ స్టిక్కర్ మీద అంకె ఒక్క పౌండ్ కూడా పెరగదు.

కాటా వేయించడం

హైవేల పక్కన పెద్ద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ కాటాలు ఉంటాయి. లారీల కోసం పెట్టినవే, మోటర్‌హోమ్‌లకూ బాగా పనికొస్తాయి. ప్రయాణానికి బయల్దేరేటప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే నింపి వెళ్లండి. ఇంధనం ఫుల్, నీళ్లు ఫుల్, వంట గ్యాస్ ఫుల్, ఫ్రిజ్‌లో సరుకులు, మనుషులందరూ లోపల. ఖాళీ బండిని తూస్తే వచ్చే అంకె చూసుకుని సంతోషించడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

కాటాలో వేరువేరు పలకలుంటాయి. ముందు చక్రాలు మొదటి పలక మీద, వెనక చక్రాలు రెండో పలక మీద, తగిలించిన కారు లేదా ట్రైలర్ మూడో పలక మీద పడేలా ఆపండి. పలకల మధ్య గీత ఎక్కడుందో కిటికీలోంచి చూడటానికి పక్కన ఒకరు ఉంటే మంచిది. స్తంభానికున్న బటన్ నొక్కి లోపలివాళ్లతో మాట్లాడాలి. ఆ బటన్ లారీ డ్రైవర్ ఎత్తుకు పెట్టింది కాబట్టి చేయి అందకపోవచ్చు. వాళ్ల వే మై ట్రక్ యాప్‌తో ఫోన్ మీదే పని కానిస్తే ఆ తిప్పలు ఉండవు. చీటీ మీద ఒక్కో యాక్సిల్ బరువు, మొత్తం బరువు అచ్చేసి ఇస్తారు.

ఆ తర్వాత కారును గానీ ట్రైలర్‌ను గానీ విప్పి పక్కన పెట్టి, బండి ఒక్కదాన్నే మళ్లీ తూయించండి. రెండు చీటీలు పక్కపక్కన పెడితే, తగిలించినప్పుడు ముందు యాక్సిల్ బరువు ఎంత తగ్గిందో, వెనకది ఎంత పెరిగిందో కళ్లెదుట కనిపిస్తుంది. దాని గురించి కొంచెం వివరంగా చెప్పాలి.

ట్రైలర్ ముక్కు చేసే పని

ట్రైలర్ నిలకడగా రావాలంటే దాని బరువులో సుమారు 10 నుంచి 15 శాతం హిచ్ మీద మోపాలి. 4,000 పౌండ్ల ట్రైలర్ అయితే దాదాపు 450 పౌండ్లనుకుందాం. ఈ 450 వెనక యాక్సిల్ మీద 450గానే పడదు. హిచ్ వెనక యాక్సిల్ కన్నా ఇంకా వెనక్కి ఉంటుంది కాబట్టి, అక్కడ కిందికి నొక్కితే బండి ముందు భాగం పైకి లేస్తుంది. మోటర్‌హోమ్‌లకు వెనక తోక పొడవెక్కువ, అందుకే ఈ ప్రభావమూ ఎక్కువ.

ఒక ఊహాత్మక బండి తీసుకుందాం. జీవీడబ్ల్యూఆర్ 14,500, జీసీడబ్ల్యూఆర్ 22,000, వెనక యాక్సిల్ హద్దు 9,600, హిచ్ 5,000. ట్రైలర్ లేకుండా కాటా మీద ముందు యాక్సిల్ 4,400, వెనక 9,200, మొత్తం 13,600 వచ్చింది. ముందు, వెనక యాక్సిళ్ల మధ్య దూరం 200 అంగుళాలు. వెనక యాక్సిల్ నుంచి హిచ్‌కి 120 అంగుళాలు.

ఇప్పుడు 450 పౌండ్లు హిచ్ మీద మోపారు. 450ని 120తో గుణించి 200తో భాగిస్తే 270. ముందు యాక్సిల్ మీద 270 తగ్గి 4,130 అవుతుంది. వెనక యాక్సిల్ మీద 450కి ఆ 270 కూడా కలిసి 720 పెరిగి 9,920కి చేరుతుంది. హద్దు 9,600. అంటే 320 పౌండ్లు మించిపోయింది.

మిగతా లెక్కలు చూడండి. బండి మొత్తం 14,050, జీవీడబ్ల్యూఆర్ లోపే ఉంది. బండీ ట్రైలరూ కలిపి 17,600, జీసీడబ్ల్యూఆర్‌కి ఇంకా చాలా దూరం. హిచ్ 4,000 సునాయాసంగా లాగుతుంది. అన్ని పరీక్షలూ పాసై ఒక్క వెనక యాక్సిల్ దగ్గర ఫెయిలైంది. స్టిక్కర్లు, బ్రోచర్లు చూసుకుంటూ ఇంట్లో కూర్చుంటే ఇది ఎప్పటికీ తేలదు. పైగా ముందు చక్రాల మీద బరువు తగ్గితే స్టీరింగ్ తేలిపోయినట్టుంటుంది, పక్క నుంచి లారీ దూసుకుపోయినప్పుడల్లా బండి ఊగుతుంది. డ్రైవర్‌కి అదో టెన్షన్.

అదే 4,000 పౌండ్ల కారును నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లేలా టో బార్‌తో (కారును హిచ్‌కి కలిపే ఇనుప కడ్డీతో) లాగితే హిచ్ మీద పడేది టో బార్ బరువులో కొంత మాత్రమే. వెనక యాక్సిల్ దాదాపు 9,200 దగ్గరే ఉండి హద్దులోనే ఉంటుంది. కాబట్టి ఎంత బరువు లాగుతున్నారన్నది ఒక్కటే చూస్తే చాలదు, ఎలా లాగుతున్నారన్నది కూడా చూడాలి.

కారును ఎలా లాగాలి

నాలుగు చక్రాల మీద దొర్లించడం అన్నిటికన్నా తేలిక, అదనపు బరువూ తక్కువ. కానీ ప్రతి కారూ దీనికి పనికిరాదు. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు గేర్‌బాక్స్‌లో ఆయిల్ తిరగక కొన్ని కార్లలో గేర్‌బాక్స్ కాలిపోతుంది. కారు మాన్యువల్లో రిక్రియేషనల్ టోయింగ్ అనే చోట చూడండి. అక్కడ కుదరదని ఉంటే కుదరదంతే. మోడల్ పేరు ఒకటే కదా అని ధీమా పడకండి. హోండా సీఆర్-వీని 2014 మోడల్ దాకా ఇలా లాగేవాళ్లు, 2015 నుంచి సీవీటీ అనే వేరే రకం గేర్‌బాక్స్ వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. జీప్ రాంగ్లర్ మోటర్‌హోమ్‌ల వెనక అంతగా కనిపించడానికి కారణం ట్రాన్స్‌ఫర్ కేస్‌ని (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టెని) న్యూట్రల్‌లో పెట్టే వీలుండటమే.

ముందు చక్రాలతో నడిచే కారైతే డాలీ అనే రెండు చక్రాల చిన్న ట్రైలర్ మీద ముందు చక్రాలెక్కించి లాగొచ్చు. ఆల్-వీల్ డ్రైవ్ కారును అలా లాగకూడదు. నాలుగు చక్రాల మీద దొర్లించొచ్చని మాన్యువల్లో లేకపోతే దాన్ని పూర్తిగా ట్రైలర్ మీదికే ఎక్కించాలి. కార్లు మోసే ట్రైలర్ ఒక్కటే సుమారు 2,000 పౌండ్లు ఉంటుందని మర్చిపోకండి. మీకు మిగిలింది 4,220 అయితే, ట్రైలర్ పోగా కారుకు దక్కేది 2,200 చిల్లర. అంత తేలికైన కార్లు ఇప్పుడు అరుదు.

టో బార్ వాడితే బండివైపు కొస, కారువైపు కొస దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. 3, 4 అంగుళాలకు మించి తేడా ఉంటే మధ్యలో ఆ ఎత్తును సరిచేసే డ్రాప్ రిసీవర్ పెడతారు. దానికీ ఒక రేటింగ్ ఉంటుంది, అది హిచ్ రేటింగ్ కన్నా తక్కువ కావచ్చు. బార్, బాల్, పిన్ను, గొలుసులు అన్నిటి మీదా అంకెలు చూసి, వాటిలో చిన్నదాన్నే మీ హద్దుగా పెట్టుకోండి. టో బార్ తగిలించి ఉండగా రివర్స్ చేయకూడదు, ఇరుక్కుంటే కారు విప్పడమే మార్గం.

బ్రేకులు

జీసీడబ్ల్యూఆర్ గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. బండిని ముందుకు లాగే ఇంజన్, గేర్‌బాక్స్, రేడియేటర్ అన్నీ ఆ మొత్తాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవే. బ్రేకులు మాత్రం సాధారణంగా జీవీడబ్ల్యూఆర్‌కే సరిపడా ఉంటాయి. వెనకున్న 4,000 పౌండ్లు తన బ్రేకులతో తాను ఆగాలన్నది చాసిస్ కంపెనీ ఉద్దేశం. మాన్యువల్లో ఎంత బరువు దాటితే వేరే బ్రేకులు తప్పనిసరో రాసి ఉంటుంది, చట్టం ఏ రాష్ట్రంలో ఎలా ఉన్నా దాన్నే పాటించండి. చాలా రాష్ట్రాలు 3,000 పౌండ్లను హద్దుగా పెట్టుకున్నాయి, కొన్ని అంతకన్నా తక్కువ. దారిలో మూడు రాష్ట్రాలు దాటేవాళ్లకు వాటిలో గట్టి నియమాన్ని పాటించడమే సుఖం.

కారు పెడల్‌ను నొక్కే పెట్టె లాంటి పరికరం దొరుకుతుంది, కారులోనే శాశ్వతంగా బిగించే రకమూ ఉంది. ట్రైలర్‌కైతే ఎలక్ట్రిక్ బ్రేకులు, డ్యాష్ దగ్గర కంట్రోలర్. ఏదైనా సరే బ్రేక్‌అవే స్విచ్ ఉండాలి. కారు పొరపాటున ఊడిపోతే అదే దాని బ్రేకులు వేస్తుంది. బయల్దేరే ముందు ఆ స్విచ్ తాడు లాగి చూడటానికి ఒక నిమిషం కూడా పట్టదు.

టైర్లు

యాక్సిల్ హద్దులోనే ఉన్నా టైరు మీద భారం సరిగ్గా పడకపోవచ్చు. వంటగది, ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు ఒకే వైపుంటే ఆ వైపు టైర్లు ఎక్కువ మోస్తాయి. వీలైతే ఒక్కో చక్రాన్నీ విడిగా తూయించండి. ఎస్కేపీస్ ఆర్వీ క్లబ్ వాళ్ల స్మార్ట్‌వే లాంటి సేవలు ఆ పని చేస్తాయి. వచ్చిన బరువుకు టైర్ కంపెనీ పట్టికలో ఎంత గాలి ఉండాలో చూసి, ఒకే యాక్సిల్‌కి రెండు వైపులా ఎక్కువ బరువున్న వైపుకు తగినట్టు సమానంగా కొట్టించండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే, అంటే బండి నడపక ముందే గాలి చూడాలి. పక్కపక్కన రెండేసి టైర్లున్న వెనక యాక్సిల్‌కి పట్టికలో వేరే వరుస ఉంటుంది, పొరపాటున ఒంటి టైరు వరుస చదవకండి.

కొండలు

టర్బో లేని పెట్రోల్ ఇంజన్ ప్రతి 1,000 అడుగుల ఎత్తుకు సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది. 7,000 అడుగుల కనుమ దగ్గర అయిదో వంతు పోయినట్టే. లెక్క ప్రకారం అన్నీ హద్దులోనే ఉన్నా బండి రొప్పుతుంది. అందుకే కొండ ప్రాంతాలకు వెళ్లేవాళ్లు జీసీడబ్ల్యూఆర్‌లో 10 శాతమైనా ఖాళీ ఉంచుకోవడం మేలని నేనంటాను. దిగేటప్పుడు టో/హాల్ మోడ్ (బరువు లాగేటప్పుడు వాడే గేర్‌బాక్స్ సెట్టింగ్) వేసి తక్కువ గేర్‌లోనే దిగండి, బ్రేకులు అంతగా వేడెక్కవు.

హద్దు దాటితే

కాటా చీటీలో వెనక యాక్సిల్ మించిందని తేలితే వెంటనే బండి మార్చక్కర్లేదు. వెనక డిక్కీలోని పనిముట్లు, జెనరేటర్ డబ్బాలు, మడత కుర్చీలు ముందు యాక్సిల్‌కి దగ్గరగా జరపండి, అక్కడి హద్దు మాత్రం చూసుకుంటూ. మురుగు ట్యాంకులు ఖాళీ చేసి బయల్దేరండి. క్యాంపులో నీళ్లు దొరుకుతాయంటే ట్యాంకులో పావు వంతు చాలు. సైకిళ్లు, బరువైన డబ్బాలు వెనక లాగే కారులో పెడితే అవి మీ యాక్సిల్ మీద నుంచి దిగిపోతాయి. కానీ జీసీడబ్ల్యూఆర్‌లోకి, హిచ్ లెక్కలోకి వస్తాయి, కారుకున్న సొంత హద్దూ ఉంది. జరిపాక మళ్లీ తూయించండి. అప్పటికీ లెక్క కుదరకపోతే ట్రైలర్ బదులు టో బార్‌తో లాగగలిగే కారు చూడండి, లేదా కాస్త తేలికైన కారు.